స్నానాలగది తలుపును మనమే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఉన్న తలుపులన్నింటిలోకీ ముందుగా పాడయ్యేది స్నానాలగది తలుపే. రోజూ తడుస్తుంది, గాలి సరిగా ఆడదు, కింది అంచుకు రంగు వేయాలని ఎవరికీ తోచదు. అందుకే ఇక్కడ ఆ తలుపునే ఉదాహరణగా తీసుకున్నాను. గోడలో పాతిన ద్వారబంధాన్ని అలాగే ఉంచి, దానికి బిగించిన తలుపు రెక్కను మాత్రమే మార్చుకోవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. పడకగది తలుపులకూ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

వడ్రంగి లేకుండా ఈ పని మనవల్ల అవుతుందా?

ద్వారబంధం గట్టిగా ఉంటే తప్పకుండా అవుతుంది. మొదటిసారి చేసేవారు ఒక పూర్తి రోజు కేటాయించుకోవాలి, తోడుగా మరొకరు ఉండాలి. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న గట్టి తలుపు సుమారు ముప్పై కిలోల బరువు ఉంటుంది కాబట్టి, దాన్ని ఒక్కరే నిలబెట్టి బందులు బిగించాలని ప్రయత్నిస్తే నడుముకైనా నేలమీది పలకలకైనా దెబ్బ తప్పదు. చేయి తిరగకపోయినా ఈ పని సాగుతుంది గానీ, కొలత దగ్గర తొందరపడితే మాత్రం సాగదు. ద్వారబంధం ఎప్పుడూ కచ్చితమైన దీర్ఘచతురస్రంగా ఉండదని, దాని వంకరకు తగినట్టు తలుపునే మలుచుకోవాలని ముందే గుర్తించినవారికి ఈ పనిలో సగం కష్టం తగ్గుతుంది.

తలుపు మార్చాల్సిందేనా? బాగుచేస్తే సరిపోతుందా?

కింద రాసుకుంటున్న తలుపును, గడియ సరిగా పడని తలుపును మార్చనవసరం లేదు. ముందు బందుల మరలు బిగించి చూడండి. పైబందు వదులైతే తలుపు గడియ వైపు కిందికి వాలి నేలకు రాసుకుంటుంది, చాలామంది దాన్ని తలుపు ఉబ్బిందని పొరపడతారు.

ప్లైవుడ్ తలుపు కింది అంచు పొరలు పొరలుగా విచ్చుకుని, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంటే మాత్రం దాన్ని నిలబెట్టడం కష్టం. కింది భాగానికి అల్యూమినియం రేకు కొట్టి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కానీ అప్పటికే తడిసి ఉన్న చెక్క మీద రేకు కొడితే తేమ లోపలే నిలిచిపోయి, రేకు వెనక చెక్క ఇంకా తొందరగా కుళ్లుతుంది. మా అమ్మ ఉంటున్న ఇంట్లో అలా కొట్టిన రేకును ఊడదీసినప్పుడు దాని వెనక నాలుగు అంగుళాల మేర చెక్కే మిగల్లేదు, తడిసిన అట్టముక్కలాంటి నల్లటి ముద్ద మాత్రమే ఉంది.

ద్వారబంధం బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

కొత్త తలుపు కొనకముందే చేయాల్సిన పరీక్ష ఇది. స్క్రూడ్రైవర్ పిడితో ద్వారబంధాన్ని కింది నుంచి పైదాకా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చెక్క గణగణమని పలుకుతుంది, చెదలు తిన్న చెక్క డొల్లగా మోగుతుంది. డొల్లగా వినిపించిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే పైన ఉన్న రంగు పొర చిట్లి, లోపల మట్టి కనిపిస్తుంది. గోడకూ చెక్కకూ మధ్య సన్నటి మట్టి గీతలు పాకి ఉన్నాయేమో కూడా చూడాలి.

నేలకు దగ్గరగా ఒకటి రెండు అంగుళాల మేర మాత్రమే పాడై, బందులు ఉండే చోట్లు గట్టిగా ఉంటే, పాడైన ముక్కను కోసేసి, చెదల మందు పట్టించి, కొత్త ముక్కను అతికించుకోవచ్చు. బందుల దగ్గరే డొల్ల పడితే కొత్త తలుపు బరువును ఆ చెక్క మోయలేదు. ద్వారబంధాన్ని ఇనుప హోల్డ్‌ఫాస్టులతో, అంటే గోడలోకి దిగే ఇనుప పట్టీలతో బిగించి చుట్టూ సిమెంటు చేసి ఉంటారు కాబట్టి, దాన్ని ఊడదీయడమంటే గోడ అంచులు పగలగొట్టి, మళ్లీ పూత వేయడమే. అది తాపీమేస్త్రీ, వడ్రంగి కలిసి చేయాల్సిన పని, ఇంట్లోవారు తలపెట్టకపోవడమే మంచిది.

స్నానాలగదికి ఏ రకం తలుపు మేలు?

నా అభిప్రాయంలో డబ్ల్యూపీసీ తలుపు. చెక్కపొట్టునూ పీవీసీనీ కలిపి పలకలుగా తయారుచేసిన ఈ తలుపు నీటికి దాదాపు ఉబ్బదు, చెదలు దాని జోలికి రావు, మామూలు రంపంతో కోయవచ్చు. అయితే మరలను పట్టి ఉంచే బలంలో అది టేకుకు సాటి రాదు, ఆ సంగతి బందుల దగ్గర గుర్తుంచుకోవాలి. ఎండ నేరుగా పడే చోట అది వ్యాకోచించి వంగే అవకాశం ఉంది కాబట్టి, పెరటివైపు తలుపుగా దాన్ని వాడకపోవడమే మంచిది.

లోపల బోలుగా ఉండే పీవీసీ తలుపు చవక, తేలిక. కానీ పిల్లలు వేలాడినా, గాలికి ధడేలున కొట్టుకున్నా బందుల దగ్గర చీలిపోతుంది. ఫ్లష్ డోరే, అంటే రెండువైపులా ప్లైవుడ్ పలక అతికించిన చదునైన తలుపే కావాలనుకుంటే, భారతీయ ప్రమాణం ఐఎస్ 2202 గుర్తు ఉన్నదాన్ని, అందులోనూ నీటికి తట్టుకునే జిగురుతో చేసినదాన్ని అడిగి తీసుకోవాలి. టేకు తలుపు అన్నింటికన్నా అందంగా ఉంటుంది, సరిగా ఆరిన కర్రతో చేస్తే తరాలపాటు నిలుస్తుంది. అయినా రోజూ బకెట్ల కొద్దీ నీళ్లు చిందే గదికి అంత ఖర్చు పెట్టడం అనవసరమని నాకనిపిస్తుంది. అదే డబ్బు సింహద్వారం మీద పెడితే సార్థకం.

తలుపుల ధర సాధారణంగా చదరపు అడుగు లెక్కన చెబుతారు. 78 అంగుళాల ఎత్తు, 30 అంగుళాల వెడల్పు ఉన్న తలుపు 16.25 చదరపు అడుగులు అవుతుంది. ఈ లెక్క వేసుకుని వెళితే దుకాణంలో బేరం తేలికవుతుంది.

కొలతలు ఎలా తీసుకోవాలి?

పాత తలుపును కొలిచి అదే కొలతతో కొత్తది తెచ్చుకోవడం అందరూ చేసే పొరపాటు. పాత తలుపును ఇన్నేళ్లలో ఎవరో ఎన్నోసార్లు చిత్రిక పట్టి ఉంటారు, లేదా అది ఉబ్బి ఉంటుంది. కొలవాల్సింది ద్వారబంధంలో తలుపు ఆనుకునే గాడిని.

గాడి లోపలి అంచు నుంచి అంచు దాకా వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవండి. ఎత్తును ఎడమవైపు, కుడివైపు రెండుచోట్ల కొలవండి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో రాసుకుంటే తప్పులు తగ్గుతాయి. ఉదాహరణకు వెడల్పు పైన 762, మధ్యలో 758, కింద 760 మి.మీ. వచ్చిందనుకుందాం. అన్నింటికన్నా తక్కువైన 758నే లెక్కలోకి తీసుకుని, రెండు పక్కలా మూడేసి మి.మీ. సందు కోసం 6 తీసేస్తే తలుపు వెడల్పు 752 మి.మీ. అవుతుంది. ఎత్తు ఒకవైపు 1990, మరోవైపు 1986 వస్తే, 1986లోంచి పైసందుకు 3, కిందసందుకు 10 తీసేసి 1973 మి.మీ.గా నిర్ణయించుకోవాలి. వడ్రంగులు ‘సూత్’ అనేది అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు మూడు మి.మీ. ‘చుట్టూ సూత్ సందు వదలండి’ అని వారు చెప్పేది ఇదే.

నేను మొదటిసారి వెడల్పును పైన ఒక్కచోటే కొలిచి తలుపు కోయించాను. మధ్యలో గోడ ఒత్తిడికి ద్వారబంధం కాస్త లోపలికి వంగి ఉందని బందులు బిగించాకే తెలిసింది. మళ్లీ ఊడదీసి, చీకటిపడేదాకా చిత్రిక పట్టాల్సి వచ్చింది.

కిందసందు విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. తలుపు మూసి ఉన్న చోట మాత్రమే కాక, తెరుచుకుంటూ తిరిగే దారి అంతటా నేల ఎత్తు చూడాలి. స్నానాలగది నేలను నీటి వాలు కోసం ఒకవైపుకు వాలుగా వేస్తారు. పాత నేల మీదే కొత్త టైల్స్ పరిచిన ఇళ్లలో నేల ఎత్తు పెరిగి ఉంటుంది. పది మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ ముక్కను తలుపు తిరిగే దారి వెంట జరుపుతూ, పాత తలుపు కింద అది ఎక్కడ ఇరుక్కుంటుందో చూస్తే అనుమానం తీరుతుంది.

ఏయే పనిముట్లు కావాలి?

టేపు, పెన్సిల్, మూలమట్టం, రసమట్టం, అంగుళం వెడల్పు ఉలి, సుత్తి, స్క్రూడ్రైవర్, సన్నపళ్ల రంపం, చిన్న చిత్రిక, డ్రిల్లింగ్ మిషన్. ఉలికి పదును లేకపోతే మిగతావన్నీ ఉన్నా పని చెడుతుంది కాబట్టి, ముందురోజే దాన్ని సానరాయి మీద నూరి పెట్టుకోండి. డబ్ల్యూపీసీని కోసేటప్పుడు రేగే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. స్నానాలగదిలో డ్రిల్లింగ్ మిషన్ వాడేముందు నేలను పూర్తిగా ఆరబెట్టి, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకోవాలి.

పాత తలుపును ఎలా దించాలి?

తలుపు కింద రెండు చెక్కముక్కలు ఎక్కించి, బరువు బందుల మీద పడకుండా చేయండి. ముందు కిందిబందు, తర్వాత మధ్యబందు, చివరగా పైబందు మరలు విప్పాలి. ఈ వరుస తప్పితే తలుపు ముందుకు ఒరిగి మీదపడుతుంది. మరల గాట్లు రంగుతో పూడిపోయి ఉంటే పాత చాకుమొనతో గీకి శుభ్రం చేసి, స్క్రూడ్రైవర్‌ను గాటులో పెట్టి సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేసి తిప్పండి. తుప్పు పట్టి కదలకపోతే కాస్త కిరసనాయిలు వేసి అరగంట ఆగి చూడండి.

కొత్త తలుపును ఎంతవరకు కోయవచ్చు?

డబ్ల్యూపీసీ తలుపు లోపలంతా ఒకే పదార్థం కాబట్టి ఎంత కోసినా ఇబ్బంది లేదు. ఫ్లష్ డోర్‌కు మాత్రం చుట్టూ సన్నటి చెక్కపట్టీ ఉంటుంది. ఒక్కో పక్క అర అంగుళానికి మించి కోస్తే ఆ పట్టీ పోయి, లోపలి పూరకం బయటపడుతుంది, అక్కడ మరలు నిలవవు. అందువల్ల కొలతకు వీలైనంత దగ్గరగా ఉన్న తలుపునే కొనాలి. చిత్రికను ఎప్పుడూ మూలల నుంచి మధ్యకు నడపాలి, బయటికి తోస్తే మూల చీలి ఊడివస్తుంది. గడియ ఉండే అంచును, తలుపు మూసినప్పుడు గాడి లోపలికి వెళ్లే వైపున కొద్దిగా ఏటవాలుగా చిత్రిక పడితే మూసేటప్పుడు అది ద్వారబంధానికి తగలదు.

బందులు సరిగ్గా కూర్చోవాలంటే ఏం చేయాలి?

ఈ పనిలో నిదానం కావాల్సింది ఇక్కడే. స్నానాలగది తలుపుకు నాలుగు అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ బందులు మూడు చాలు. వాటిలో 304 రకం అడగండి. చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లి తాకించి చూడండి, గట్టిగా అతుక్కుంటే ఆ రకం కాదని అనుమానించవచ్చు. మామూలు ఇనుప బందులు తేమకు తుప్పు పట్టి తలుపు మీద ఎర్రటి చారలు దింపుతాయి.

ద్వారబంధంలో పాత బందుల గాట్లు ఇప్పటికే ఉంటాయి కాబట్టి కొత్తవాటిని వాటిలోనే కూర్చోబెట్టడం సులువు. కొత్త తలుపును గాడిలో నిలబెట్టి, కింద చెక్కముక్కలతో సరైన ఎత్తుకు లేపండి. ఒక మి.మీ. మందం ఉండే సన్‌మైకా ముక్కలను మూడేసి కలిపి పైనా, పక్కల్లోనూ దోపితే అన్నిచోట్లా ఒకే సందు నిలుస్తుంది. అప్పుడు ద్వారబంధంలోని ప్రతి గాటు పైఅంచునూ కిందిఅంచునూ సన్నగా చెక్కిన పెన్సిల్‌తో తలుపు అంచు మీద గుర్తుపెట్టుకోండి. తలుపును దించి నేలమీద పక్కవాటుగా నిలబెట్టి, బందు ఆకును గుర్తుల మధ్య ఉంచి చుట్టూ చాకుతో గీయండి. పెన్సిల్ గీత కన్నా చాకుగాటు మేలు. ఉలి మొన ఆ గాటులో కూర్చుంటుంది, గీత దాటి చెక్క చీలదు.

తర్వాత ఉలిని నిలువుగా పట్టి గీత వెంట మెల్లగా కొట్టాలి. లోపలి భాగంలో అర అంగుళానికొకటి చొప్పున అడ్డగాట్లు పెట్టి, ఉలిని పడుకోబెట్టి పొరలు పొరలుగా తీయాలి. బందు ఆకు ఎంత మందమో గాటు అంతే లోతు ఉండాలి. వేలితో తడిమినప్పుడు ఆకూ చెక్కా ఒకే మట్టంగా తగిలితే గాటు సరిపోయినట్టే.

ప్రతి బందుకూ ముందు ఒక్క మర మాత్రమే బిగించి, తలుపును తెరిచి మూసి చూసి, సరిపోయాకే మిగతా మరలు బిగించండి. డబ్ల్యూపీసీలో ముందుగా మూడు మి.మీ. మించని రంధ్రం వేసి, అంగుళంన్నర మరను చేత్తోనే బిగించాలి. డ్రిల్లింగ్ మిషన్‌తో చివరిదాకా తిప్పితే రంధ్రం అరిగి, మర పట్టు కోల్పోతుంది. మరకు కొవ్వొత్తి మైనం రాస్తే సాఫీగా దిగుతుంది. సబ్బు రాసే అలవాటు చాలామందికి ఉంది గానీ, సబ్బు తేమను పీల్చి తుప్పుకు దారితీస్తుంది.

ద్వారబంధంలో పాత మరల రంధ్రాలు వదులైపోతే?

అగ్గిపుల్లలు కుక్కడం తాత్కాలిక ఉపాయం. రంధ్రాన్ని డ్రిల్‌తో కాస్త పెద్దది చేసి, అందులో బిగువుగా పట్టేలా టేకు పుల్లను చెక్కి, ఫెవికాల్ పూసి దిగగొట్టండి. ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి పొడుచుకొచ్చిన భాగాన్ని ఉలితో కోసేసి, కొత్త రంధ్రం వేసుకుంటే మర మళ్లీ గట్టిగా పడుతుంది.

బిగించాక తలుపు మూసినా తిరిగి తెరుచుకుంటోంది. ఎందుకు?

బందు గాటు ఎక్కువ లోతుగా తీసినప్పుడు ఇలా జరుగుతుంది. తలుపు అంచు ద్వారబంధానికి ముందే తగిలి, బందు స్ప్రింగులా వెనక్కి తోస్తుంది. బందు ఆకు వెనక పలచటి అట్టముక్క పెట్టి మళ్లీ బిగిస్తే సర్దుకుంటుంది. అదే తలుపు, ఏ కోణంలో వదిలినా తనంతట తానే కదిలిపోతుంటే బందులు మూడూ ఒకే నిలువు గీతలో లేవని అర్థం. తూకపు గుండు వేలాడదీసి చూస్తే ఏ బందు పక్కకు జరిగిందో తెలిసిపోతుంది.

గడియ ఎలాంటిది పెట్టాలి? తలుపు ఎటు తెరుచుకోవాలి?

ఇంట్లో పెద్దవారు గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే ఈ రెండు ప్రశ్నలూ తలుపు రకం కన్నా ముఖ్యమైనవి. మా మేనత్త స్నానాలగదిలో కాలు జారి తలుపుకు అడ్డంగా పడిపోయారు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది, లోపల గడియ పెట్టి ఉంది. గడియ విరగ్గొట్టినా, ఆవిడ మీద తలుపు నొక్కుకుపోతుందేమోనన్న భయంతో తోయలేక, చివరికి బందుల వైపు నుంచి తలుపునే కోయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఈ పని చేసుకుంటున్న ప్రతివారికీ రెండు మాటలు చెబుతున్నాను.

ఒకటి, బయట నుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే గాటు ఉన్న తాళాన్ని పెట్టుకోండి. లోపల వేసుకునే టవర్ బోల్టు ఒక్కటే ఉంటే ప్రమాదంలో ఎవరూ తెరవలేరు. రెండు, వీలైతే తలుపును బయటికి తెరుచుకునేలా మార్చుకోండి. దీనికి ద్వారబంధాన్ని మార్చనవసరం లేదు. ఇప్పటి గాడిని అలాగే వదిలేసి, తలుపును ద్వారబంధం బయటి ముఖం వైపున, గాడి లేని ఇరుకు భాగంలో కూర్చోబెట్టి, దాని వెనక మూడువైపులా సన్నటి ఆపుబద్దలు బిగిస్తే చాలు. అప్పుడు కొలతలు ఆ ఇరుకు భాగానివే తీసుకోవాలి, తలుపు వెడల్పు సుమారు అంగుళం తగ్గుతుంది. బయట తలుపు తిరిగే దారిలో మంచం, స్విచ్చుబోర్డు అడ్డు రాకుండా ముందే చూసుకోవాలి. చక్రాల కుర్చీ వాడేవారు ఉన్న ఇంట్లో 900 మి.మీ. నికరమైన దారి అవసరం కాబట్టి, పాత ద్వారబంధాన్ని ఉంచి సరిపెట్టుకోవడం అక్కడ తగదు.

చెక్క తలుపుకు రంగు ఎప్పుడు, ఎలా వేయాలి?

కోసి, చిత్రిక పట్టి, ఒకసారి బిగించి చూసిన తర్వాత మళ్లీ దించి వేయాలి. తలుపుకు ఆరు ముఖాలుంటాయి. ముందు, వెనక, రెండు పక్కలు అందరూ రంగు వేస్తారు. పైఅంచు, కిందిఅంచు వదిలేస్తారు. చెక్క నారల చివరలు తెరుచుకుని ఉండేది ఆ అంచుల్లోనే, నీరు దీపపు వత్తిలో నూనెలా పైకి పాకేదీ అక్కడి నుంచే. కిందిఅంచుకు ప్రైమర్ రెండు పూతలు, ఎనామెల్ రెండు పూతలు పట్టించిన తర్వాతే తలుపును తిరిగి ఎక్కించండి. ఒకసారి బిగించాక అక్కడికి కుంచె వెళ్లదు. బందుల గాట్లలోనూ, తాళం కోసం తొలిచిన రంధ్రంలోనూ ఒక పూత వేయడం మరవకండి.

ఏ కాలంలో మార్చుకుంటే మంచిది?

చెక్క తేమకు అడ్డంగా, అంటే వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. నడివేసవిలో బిగించే తలుపు పూర్తిగా ఎండి ఉంటుంది కాబట్టి వెడల్పు సందు కాస్త ఎక్కువ వదలాలి. వానాకాలంలో బిగించేదానికి తక్కువ చాలు. వానల్లో పట్టేసిన పాత తలుపును ఆ కోపంలోనే బాగా చిత్రిక పట్టేస్తే, ఎండలు వచ్చేసరికి వేలు దూరేంత సందు తేలుతుంది. కార్తీకం దాటాక గాలిలో తేమ తగ్గి, ఎండ తీవ్రత పెరగని రోజులు ఈ పనికి అనువైనవి.

ముహూర్తం చూడాలా?

సింహద్వారం నిలబెట్టేటప్పుడు ముహూర్తం చూసి, గడపకు పసుపు కుంకుమలు పెట్టి, మామిడి తోరణం కట్టడం మన ఆనవాయితీ. లోపలి గదుల తలుపు రెక్క మార్చడానికి సాధారణంగా ఎవరూ అంత పట్టింపు పెట్టుకోరు. ఇంట్లో పెద్దవారికి పట్టింపు ఉంటే వారు చెప్పిన రోజునే చేయండి, పనికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడా ఇదే పద్ధతా?

కాదు. అక్కడి గోడలు చాలావరకు చెక్క చట్రం మీద కట్టినవి కాబట్టి, ద్వారబంధం, బందులు, తలుపు కలిపి ఒకే ముక్కగా అమ్మే ‘ప్రీహంగ్’ తలుపును తెచ్చి, పాతదాన్ని మేకులు కోసి మొత్తంగా తీసేసి, చెక్క సీలలతో నిలువు సరిచేసి బిగించుకోవచ్చు. లోపలి తలుపులు సాధారణంగా 80 అంగుళాల ఎత్తు, ఒకటిన్నర అంగుళానికి సూత్ తక్కువ మందం ఉంటాయి. ద్వారబంధం బాగుంటే తలుపు పలకను మాత్రమే కొని, పైన చెప్పినట్టు బందుల గుర్తులు దించుకోవచ్చు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండవచ్చు. అలాంటి తలుపును పరీక్ష చేయించకుండా గీకడం, కోయడం పిల్లలున్న ఇంట్లో అసలు చేయకూడదు.

దించిన పాత తలుపును ఏం చేయాలి?

చెదలు లేకపోతే కుళ్లిన కింది భాగాన్ని కోసేసి, మిగిలిన పలకను అటక మీద అరగా వాడుకోవచ్చు. చెదలు పట్టినదైతే ఒక్కరోజు కూడా ఇంటి గోడకు ఆనించి ఉంచవద్దు. కొత్త తలుపుకు నెల తిరిగేసరికి బందుల మరలన్నీ మరొక్కసారి బిగించి, కిందిఅంచు దగ్గర చిన్న అద్దం పెట్టి రంగు ఎక్కడైనా లేచిందేమో చూసుకోండి.